పచ్చవ్వ తినని విందు

గోదావరి అవతలి ఒడ్డు అడవిలో ఒక నల్లమద్ది చెట్టు, దాని పక్కనే ఒక టేకు చెట్టు ఉండేవి. గాలి వీస్తే రెండింటి కొమ్మలూ ఒకదాన్నొకటి రాసుకునేవి. మద్ది చెట్టు తొర్రలో ఒక ఉడుత కాపురం. మంచిదే, పెట్టే చెయ్యి. కాకపోతే పెట్టిన సంగతి నలుగురికీ తెలియాలి. తిన్నవాళ్లు "అబ్బ, ఎంత కమ్మగుంది!" అనాలి. అనడం మరిచిపోయారో, ఆ రోజంతా తోక విసురుకుంటూ ఎవరి మీద విరుచుకుపడదామా అని తిరిగేది.

తప్పంతా దానిదే కాదులెండి. ఆ అడవి పద్ధతే అలాంటిది. ఇంటికొచ్చినవాళ్లు ఒక్క ముద్దయినా తిని వెళ్లాలి. తినకుండా లేచారంటే ఆ ఇంటితో తెగతెంపులు చేసుకున్నట్టే. ఒకసారి ముళ్లపంది కడుపునొప్పితో గువ్వ ఇంట్లో తినకుండా వెళ్లిపోయింది. అది పొగరు కాదు, నొప్పే అని తేల్చుకోవడానికి అడవి పెద్దలకు ఒక ఎండాకాలమంతా పట్టింది. ఆ పంచాయితీలో అందరికంటే గట్టిగా అరిచింది మన ఉడుతే.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒక పొద్దున టేకు చెట్టు మీద నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. ఉడుత వెళ్లి చూస్తే వేలెడైనా లేని ఒక పచ్చ పురుగు ఆకు అంచున వేలాడుతోంది. అది దసలి పట్టుపురుగు.

"ఎవల పిల్లవే నువ్వు? పొద్దుగాల్నే ఏడుపేంది?"

"ఆకలైతంది చిన్నమ్మా. రాత్రి గాలికి కొట్టుకొచ్చి ఈడ పడ్డ."

"ఆకలైతే తిను. టేకాకు చాటంత ఉన్నది గద."

"నోట్లె పెట్టుకుంటే గరుకుగరుకు, లోపలికి దిగుతలేదు. మాకు మద్దాకు గావాలె. ఈడ్నే ఉంటే సచ్చిపోత చిన్నమ్మా."

చిన్నమ్మా అని పిలిచేసరికి ఉడుత మనసు కరిగిపోయింది. పురుగు పట్టుకున్న రెమ్మను పళ్లతో కొరికి, పురుగుతో సహా నోట కరచుకుని, ఒక్క దూకు దూకి మద్ది కొమ్మల మధ్య దింపింది. దింపిన మరుక్షణం నుంచి ఆ పురుగు తినడం మొదలుపెట్టింది. పొద్దున తినేది, మధ్యాహ్నం తినేది, వానలో ఆకు కిందకు జరిగి తినేది. నోటి నిండా ఆకు పెట్టుకునే కబుర్లు చెప్పేది. ఒంటి పక్కన వెండి చుక్కలు మెరుస్తూ రోజురోజుకీ ఊరిపోతుంటే ఉడుతకు కళ్లు చాలేవి కావు. తినేవాళ్లంటే దానికి అంత ప్రాణం. పచ్చవ్వ అని పేరు పెట్టుకుంది.

ఒకనాడు పచ్చవ్వ తినడం మానేసింది. తల పైకెత్తి, కొమ్మను కరుచుకుని, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ఉడుతకు వెంటనే కోపం వచ్చింది. "నేనేమన్నా అన్ననా? గింతదానికే అలుగుతవా? మాట్లాడవేందే?" అంటూ చుట్టూ తిరిగింది. జవాబు లేదు. మర్నాడు పచ్చవ్వ వీపు మీద తోలు చీలింది. పాత తోలును విప్పి అవతల పడేసి, మెత్తటి కొత్త ఒంటితో బయటికొచ్చి, "ఆకలే చిన్నమ్మా!" అంది.

"మరి నిన్న మాట్లాడలేదేందే? అలిగినవనుకున్న."

"అలుగుడేంది? తోలు బిర్రైంది, ఇప్పిన. గప్పుడు మాట రాదు చిన్నమ్మా. మాట రాకుంటే కోపమున్నట్టేనా?"

ఉడుత నవ్వేసింది. ఆ మాటను అక్కడే మరిచిపోయింది కూడా.

ఇంకొన్నాళ్లకు పచ్చవ్వ మనిషి బొటనవేలంత లావైంది. ఒకరోజు తింటూ తింటూ ఆగి, "చిన్నమ్మా, నన్ను బతికిచ్చినవు. నీ ఇంట్ల ఒక్క మెతుకన్న ముట్టలే నేను. నాకు మద్దాకు దప్ప ఏది వడదాయె" అంది.

"నా చెట్టాకే తింటున్నవు గద."

"గది చెట్టు వెట్టింది. నువ్వు వెట్టింది తినాలె. నాకు రెక్కలొస్తయట. రెక్కలొచ్చినంక వస్త. అందరి ముంగట కూసొని నువ్వు ఏం వెడితే గది తింట. ఒట్టు!"

ఉడుతకు ఇంకేం కావాలి? ఆ సాయంత్రానికల్లా కబురు అడవంతా పాకింది. పాకించింది అదే.

చలి మొదలవుతూనే పచ్చవ్వ ఒక గట్టి రెమ్మను ఎంచుకుంది. నోట్లోంచి దారం తీసి ముందు రెమ్మ చుట్టూ ఉంగరంలా చుట్టింది. దాని నుంచి కాడ దించింది. ఆ కాడకు వేలాడేలా, తన చుట్టూ తానే పట్టు అల్లుకోసాగింది. "పోయొస్త చిన్నమ్మా. విందు మరువకు!" అంటూ లోపలి నుంచి గొంతు వినిపించింది. తర్వాత ఆ గొంతు వచ్చిన సందు కూడా పూడిపోయింది. మిగిలింది కోడిగుడ్డంత పట్టుకాయ, రాయిలా గట్టిది.

మద్ది ఆకులన్నీ రాలిపోయాయి. మోడు కొమ్మకు ఆ కాయ ఒక్కటే వేలాడుతుండేది. ఉడుత దానికి కాపలా కాసింది. కాకి వస్తే తరిమింది, వడ్రంగిపిట్ట వస్తే ఒంటికాలి మీద లేచింది. ఎండలు ముదిరి ఇప్పపూలు రాలితే ఏరి ఎండబెట్టింది. తునికి పండ్లు తెచ్చింది. మొర్రి పండ్ల గింజలు కొట్టి పలుకులు ఒలిచింది. అన్నీ తొర్రలో దాచింది. ఆ ఎండాకాలం అడవిలో తిండి కరువైంది. ఉడుత డొక్కలు ఎండిపోయాయి గానీ దాచినదాంట్లోంచి ఒక్క పువ్వు కూడా నోట్లో వేసుకోలేదు.

ఇప్పపూల వాసనకు ఒక నక్క రోజూ చెట్టు కిందకు వచ్చి కూర్చునేది. చెట్టెక్కడం రాదు, వాసన పీల్చడం మాత్రం బాగా వచ్చు.

"చెల్లే, నాలుగు పూలు కింద ఎయ్యరాదు? పానం పోతంది."

"గవి పచ్చవ్వకు, నక్కన్నా. రెక్కలొచ్చినంక నా ఇంటికి తిన వస్తనన్నది."

"ఎవలు, గా కాయలున్న పురుగా? రెక్కలొచ్చినంక తింటనన్నదా?"

"ఒట్టేసింది."

నక్క కాసేపు పట్టుకాయ వైపు చూసింది. మూతి నాకుకుంది. "అయితే మంచిదే. విందునాడు నన్ను సుత పిలువు చెల్లే" అని తోక ఊపుకుంటూ వెళ్లిపోయింది. అంత సులువుగా ఎందుకు వెళ్లిపోయిందో ఉడుత ఆలోచించలేదు.

తొలకరి పడింది. మద్ది కొత్త చిగురు తొడిగింది. ఒక సాయంత్రం పట్టుకాయ మొన తడిసింది, మెత్తబడింది. అందులోంచి నలిగిన గుడ్డపేలికలాంటిదేదో బయటికి పాక్కుంటూ వచ్చి రెమ్మకు వేలాడింది. చూస్తూండగానే ఆ పేలికలు విచ్చుకున్నాయి. పసుపు కలిసిన గోధుమరంగు రెక్కలు, ఒక్కొక్కటీ మద్దాకంత. ప్రతి రెక్క మీదా గుండ్రటి అద్దం బిళ్ల, అవతలి వెలుగు కనబడేంత పలచన.

"నా బిడ్డ! నా పచ్చవ్వ!" అని ఉడుత కొమ్మంతా గంతులేసింది. పచ్చవ్వ మెల్లగా పాక్కుంటూ వచ్చింది. పొట్ట నిండా గుడ్లు, కదలడమే కష్టంగా ఉంది. వచ్చి ముందరి కాలు ఉడుత చేతి మీద వేసి, నుదుటి మీది ఈకల్లాంటి మీసాలతో దాని చెంప నిమిరింది. మాట మాత్రం ఆడలేదు. సంతోషంలో ఉడుత అది పట్టించుకోలేదు. పొద్దు గూకకముందే చెట్టు మొదట్లో ఆకులు పరిచి, దాచినదంతా దింపింది. పచ్చవ్వను కింది కొమ్మ మీద కూర్చోబెట్టింది. గువ్వ వచ్చింది, కుందేలు వచ్చింది. నక్క వాళ్లకంటే ముందే వచ్చి కూర్చుంది.

"తిను బిడ్డా" అని ఉడుత ఒక ఇప్పపువ్వు ఎత్తి పచ్చవ్వ ముందు పెట్టింది.

పచ్చవ్వ పువ్వు మీదకు వంగింది. మీసాలతో తడిమింది. ఒళ్లంతా వణికింది. ముఖం పక్కకు తిప్పుకుంది.

"పూలు నచ్చలేనట్టున్నది, పండు వెట్టు అక్కా" అంది కుందేలు.

ఉడుత పండు పెట్టింది. పలుకులు పెట్టింది. బతిమాలింది. పచ్చవ్వ రెక్కలు ముడుచుకుని ముఖం దాచుకుంది. గువ్వ కుందేలు వైపు చూసింది. కుందేలు నేల వైపు చూసింది. ఉడుత ముఖం కందిపోయింది. నెలల తరబడి చెప్పుకున్న గొప్పంతా ఆ ఒక్క క్షణంలో జారిపోతున్నట్టయింది.

"గామె మనసుల ఏమున్నదో ఎవలకన్న సమజైతే చెప్పుండ్రి" అంది.

నక్క గొంతు సవరించుకుంది. "నేను జెప్తె బాగుండదు చెల్లే."

"చెప్పు నక్కన్నా."

"గా రెక్కలు జూడు. పట్టుల పుట్టినామె. నేల మీద రాలిన పూలు ముట్టుతదా?"

"నా పచ్చవ్వ గట్లాంటిది గాదు!"

"ఆకు తినే పురుగు గాదు గట్లాంటిది. గీమె వేరు. వచ్చి గింతసేపాయె, ఒక్క మాటన్న మాట్లాడిందా నీతోని? అగో, మొకం తిప్పుతంది జూడు. వాసన వడ్తలేదట."

పచ్చవ్వ రెక్కలు పటపటా కొట్టింది. కాదు కాదు అన్నట్టు ఉడుత వైపు పాకింది.

"చూసినవా? తీసెయ్యి, తీసెయ్యి అంటంది" అంది నక్క.

కోపంతో ఉడుత కళ్లు మూసుకుపోయాయి. "నీ కోసం కడుపు మాడ్చుకున్న గదనే! అందరి ముంగట నా మొకం మీద కొడ్తవా? నా చెట్టు దిగు!" అని అరుస్తూ కొమ్మను పట్టుకుని ఊపేసింది. బరువు పొట్టతో పచ్చవ్వ పట్టు తప్పింది. గాల్లో రెండు పల్టీలు కొట్టి పక్కనున్న టేకు కొమ్మ మీద పడింది. ఉడుత విస్తరి దగ్గరికి తిరిగొచ్చి, "నక్కన్నా, నువ్వు తిను. తినే నోటికి వెడితే పుణ్యమన్న వస్తది" అంది. నక్క రెండోసారి చెప్పించుకోలేదు. గువ్వా కుందేలూ మొహమాటానికి చెరో పలుకూ తిని వెళ్లిపోయాయి. ఆకులతో సహా నాకి నక్క వెళ్లింది.

తెల్లారేసరికి టేకు కొమ్మ మీద పచ్చవ్వ పక్కన ఇటుకరంగు రెక్కల మగపురుగు ఒకటి కనిపించింది. పచ్చవ్వ ఒంటి వాసన గాలిలో పట్టుకుని ఎంత దూరం నుంచో వచ్చింది. అటుగా పోతున్న నక్క, "సుట్టాలు సుత దిగిండ్రు చెల్లే, ఇగ నువ్వెందుకు?" అని ఒక పుల్ల వేసి పోయింది. ఉడుత టేకు వైపు వీపు పెట్టి కూర్చుంది.

మగపురుగు వెళ్లిపోయాక పచ్చవ్వ మద్ది వైపు ఎగరాలని చూసింది. కొమ్మ చివరికి పాకి, రెక్కలు కొట్టి, మద్ది ఆకు అంచును అందుకుంది. ఉడుత చిక్ చిక్ మని అరుచుకుంటూ వెళ్లి తోకతో తోసేసింది. "ఇప్పుడు ఆకలైందా? అన్నీ అయిపోయినయ్, పో!" అంది. పచ్చవ్వ మళ్లీ వచ్చింది. ఉడుత మళ్లీ తోసింది. తర్వాత పచ్చవ్వ రాలేదు. వానకు రెక్కలు చిరుగుతుంటే టేకు రెమ్మల మీదే నెమ్మదిగా తిరుగుతూ, ఒక్కో గుడ్డూ అంటిస్తూ పోయింది.

ఒక పొద్దున వాన వెలిసింది. టేకు కింద చీమలు బారులు తీరాయి. ఉడుత తొంగి చూసింది. పచ్చవ్వ నేల మీద పడి ఉంది. కదలడం లేదు. మనసులో కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఆఖరిసారి ఒక మాట అనేసి వద్దామనే దిగింది. చీమలను తోలి, "ఎందుకే నన్ను అంత తక్కువ జేసినవు?" అంటూ పచ్చవ్వను తన వైపు తిప్పింది. ఒళ్లు ఎండుటాకంత తేలికగా ఉంది.

అంత దగ్గరగా ఆ ముఖాన్ని చూడడం అదే మొదటిసారి. కళ్లున్నాయి. మీసాలున్నాయి. వాటి కింద మెత్తటి నూగుంది. ఉడుత ఆ నూగును వేలితో పక్కకు జరిపింది. మళ్లీ జరిపింది. అక్కడ నోరు లేదు. తినడానికీ లేదు, మాట్లాడడానికీ లేదు. రెక్కలతో పుట్టినప్పుడే లేదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్న మద్దాకే ఇన్నాళ్లూ దాన్ని బతికించింది. ఒట్టేసిన నాడు ఆ సంగతి పచ్చవ్వకే తెలియదు. ఎవరు చెప్తారు? ఆ జాతిలో పిల్లలు కళ్లు తెరిచేసరికి తల్లి ఉండదు.

"గిప్పుడు జూసినవా?" అని వెనక నుంచి నక్క గొంతు వినిపించింది.

ఉడుత తల ఎత్తలేదు. "నీకు ముందుగాల్నే ఎరుకా?"

"ఎరుకే. ఏటా తొలకరికి అడివి నిండ రాల్తయి గివి. ఒక్కదానికన్న నోరుంటెనా?"

"మరి గానాడెందుకు చెప్పలే?"

"నువ్వడిగింది గామె మనసుల ఏమున్నదని. గది నాకెట్ల ఎరుక? నా కడుపుల ఏమున్నదో గదే ఎరుక." నక్క నవ్వింది. "అయినా నన్నెందుకు గుర్రుగ జూస్తవు చెల్లే? అబద్ధం నాదే, కాదంటలేను. కొమ్మ ఊపింది నువ్వు."

ఉడుతకు నక్క మీద పడి రక్కాలనిపించింది, కానీ చెయ్యి లేవలేదు. విందు పూట చెంప నిమిరిన మీసాలు గుర్తొచ్చాయి. "మాట రాకుంటే కోపమున్నట్టేనా" అని పచ్చవ్వ ఎన్నడో చెప్పనే చెప్పింది. తాను నవ్వేసి ఊరుకుంది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో దాని ఒళ్లు మండిపోయింది. తినలేని అవమానంతో ముఖం దాచుకున్న బిడ్డను పొగరుబోతని అందరి ముందూ వెళ్లగొట్టింది. పెట్టిన చెయ్యే తోసింది. పుణ్యమని మిగిలిందంతా నక్కకు పెట్టింది.

అప్పుడు పైకి చూసింది. టేకు రెమ్మల మీద పచ్చవ్వ గుడ్లు కనిపించాయి. మద్ది వైపు మళ్లీ మళ్లీ ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. తిండి కోసం కాదు, పిల్లల కోసం. టేకు మీద పుట్టిన పిల్ల ఏమవుతుందో అడవిలో ఉడుత కంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఒకనాడు అక్కడి నుంచే పచ్చవ్వను నోట కరచుకుని తెచ్చింది.

అది టేకెక్కింది. గుడ్లున్న రెమ్మను కొరికింది, మద్ది మీదకు దూకింది, చిగురు సందులో ఇరికించింది. మళ్లీ టేకెక్కింది. ఒక రెమ్మ నోట్లోంచి జారి, చెట్ల పక్కన వానకు పారుతున్న వాగులో పడి కొట్టుకుపోయింది. ఉడుత ఒడ్డు వెంట పరుగెత్తింది, అందలేదు. వెనక్కి వచ్చి మిగిలినవి మోసింది. పళ్ల చిగుళ్లు పగిలి నెత్తురొచ్చినా ఆగలేదు. ఆ హడావిడికి గువ్వా కుందేలూ వచ్చి నిలబడ్డాయి.

"ఏంది ఉడుతక్కా? పొగరుదాని గుడ్లు నువ్వెందుకు మోస్తున్నవు?" అంది గువ్వ.

ఉడుత నోట్లో రెమ్మను కింద పెట్టింది. "పొగరు గాదు చెల్లే. గామెకు నోరే లేదు. మొకం దగ్గరికి వోయి చూడాల్నని నాకు తోచలే. అందరి ముంగట తిట్టిన. అందరి ముంగటనే చెప్తున్న. తప్పు నాది."

గువ్వ తల వంచుకుంది. "మేం సుత పలుకులు తిని ఊకున్నం గద అక్కా" అంది కుందేలు, చెవులు వాల్చి. తర్వాత అవి కూడా రాలిన రెమ్మలు ఏరి అందించాయి. నక్క కాసేపు చూసి, అక్కడ తినేదేమీ లేదని తేలాక తన దారిన పోయింది. దానికి సిగ్గేమీ అంటలేదు.

కొన్నాళ్లకు మద్ది చిగుళ్ల మీద చిన్న చిన్న పురుగులు మెదిలాయి. ముందు తమ గుడ్డు పెంకు తిన్నాయి, తర్వాత ఆకు పట్టాయి. పచ్చబడ్డాయి, పక్కన వెండి చుక్కలు తేలాయి. అవి తింటుంటే ఉడుత దూరంగా కూర్చుని చూసేది. దగ్గరికి వెళ్లడానికి దానికి ధైర్యం చాలేది కాదు. ఒకటి మాత్రం కొమ్మ వెంట పాక్కుంటూ దాని దగ్గరికే వచ్చింది. నోటి నిండా ఆకు.

"అమ్మమ్మా! మమ్మల్ని టేకు మీదికెంచి తెచ్చింది నువ్వేనట గద. గువ్వ జెప్పింది."

ఉడుత తోక ముడుచుకుని ఒక అడుగు వెనక్కి జరిగింది.

"మాకు రెక్కలొస్తయట అమ్మమ్మా. వచ్చినంక నీ ఇంటికొస్త. నువ్వు ఏం వెడితే గది తింట, ఒట్టు!"

ఉడుత కళ్లు నిండిపోయాయి. పిల్ల వీపు మీద చెయ్యి వేసింది.

"తినక్కరలేదు బిడ్డా" అంది. "వస్తే చాలు."

నోరు లేనివాళ్ల మనసు పక్కవాడి నోట వినకండి. ఒక్క అడుగు దగ్గరికి వెళ్లి వాళ్ల ముఖం చూడండి.